పన్నెండో తలుపు కన్ను

ఆశ్వయుజ శుద్ధ నవమి, ఉదయపు ఆటు

ఈ పుస్తకంలో 'గమనికలు' అనే గడి బొటనవేలంత ఉంటుంది. ఇరవై మాటలు మించరాదని దాని నెత్తిన అచ్చేశారు. ఆ ముక్క రాయడానికే పదమూడు ఖర్చయ్యాయి. కనుక మైదా జిగురుతో అదనపు కాగితాలు అంటిస్తున్నాను. కట్టల శాఖ వారు క్షమించాలి. క్షమించకపోయినా జిగురు గట్టిదే.

నేను పితాని చక్రధర్‌ని. నల్లలంక కట్ట మీద పొరల పరీక్షకుణ్ణి. కట్టకు నలభై తలుపులు, తలుపుకొక కన్ను. ఆ కళ్ళు సరిగ్గా చూస్తున్నాయో లేదో చూసే కళ్ళు నావి. సముద్రం పోటు మీదున్నప్పుడు మా ఇళ్ళ చూరు కంటే ఎత్తున ఉంటుంది. ఆటు వచ్చినప్పుడు తలుపులెత్తి మా మురుగు వదులుతాం, పోటు వచ్చేలోగా దించేస్తాం. తిథిని బట్టి పోటు గనక ఇక్కడ తిథి తెలియనివాడు లేడు. నాస్తికుడికి కూడా ఈ రోజు నవమి.

ఈ రోజు ఆయుధ పూజ. ఆటు చూసి నలభై తలుపులూ ఎత్తారు, కళ్ళ పెట్టెలకు పసుపు కుంకుమలు పెట్టారు. పురోహితుడి పడవ బురదలో కూరుకుపోయిందని కబురొచ్చింది. పన్నెండో తలుపు దగ్గర జనం ఎదురు చూసి చూసి నావైపు చూశారు.

"బీటెక్కు సదివావుగా, నాలుగు మంత్రాలు రావా?" అంది వీరవేణి గారు. పన్నెండో తలుపు ఆవిడది. ఎత్తి దించే పని చేసేవాళ్ళను లస్కర్లంటారు. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ లస్కరు.

"రావడమేంటి పిన్నిగారూ, నా దగ్గర గ్రంథమే ఉంది," అన్నాను.

కన్నుతో వచ్చిన సూచనల పుస్తకం తీసి స్వరం పెట్టి చదివాను. "పన్నెండు వోల్టులాయ నమః. తడి తగలనీయరాదాయ నమః." జనం కడుపులు పట్టుకున్నారు. మూడు కర్పూరం బిళ్ళలు వెలిగించిన పళ్ళెం కన్ను కింద పట్టుకుని, మంత్రం అయ్యేదాకా హారతి దించకూడదు గనక, పద్దెనిమిది సూచనలూ పూర్తి చేశాను. మధ్యలో రెండు సార్లు కర్పూరం వేశారు. పెట్టె నల్లగా మసి పట్టింది.

పూజయ్యాక తలుపులు దించారు. ముప్పై తొమ్మిదింటికి పచ్చ దీపం వెలిగింది. పన్నెండో తలుపు దిగింది గానీ దీపం ఎర్రగా ఉంది. ఫిర్యాదు నంబరు 88 రాసి పంపాను.


ద్వాదశి, ఉదయపు పోటు

అష్టమి నుంచి ద్వాదశి దాకా పోటు మందగిస్తుంది గనక, పూజ పూట తప్ప తలుపులు ముట్టుకోం, దించే ఉంచుతాం. నాకు పని తక్కువ. కొబ్బరి పీచుతో తలుపులెత్తే ఇనుప కమ్మీల మీద ఉప్పు గీకడం, తాగునీటి తొట్టెలో నాలుక పెట్టి ఉప్పగా ఉందో లేదో చూడడం. ఈ రెండో ఉద్యోగానికి శాఖలో వేరే పేరుంది, మూడు ఇంగ్లీషు పొడి అక్షరాలు. నేను నాలుక అంటాను.

ఫిర్యాదు 88కి ఎగువ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. "తలుపు సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు. పౌర్ణమి నాడు యంత్రమే తలుపును ఎత్తి దించి సరిచేసుకొనును. సిబ్బంది చేయి పెట్టరాదు."

కూర్చోకపోవడమేంటి? వీరవేణి గారు వెదురు గెడ నీళ్ళలో దించి రెండో కొస చెవికి ఆనించి విన్నది. "నీటి సప్పుడే లేదు. సక్కగా మూసుకుంది," అంది. తలుపు కాంక్రీటు బావి అడుగున, బురద నీటిలో ఉంటుంది. కంటికి కనిపించదు. అందుకే ఆ కన్ను, అందుకే ఆ గెడ.

ఆఫీసులో చదివేవారికి అర్థం కావాలని కన్ను గురించి రాస్తున్నాను. రెండు అయస్కాంతపు పొరలు, మధ్య పిసరంత రాగి. అంతా కలిపి వెంట్రుక మందంలో మూడు వేలవ వంతు. ఎలక్ట్రాన్లు రెండు రకాలనుకోండి, సుడి పైకి ఉన్నవి, కిందికి ఉన్నవి. ఒక్కో పొరా రేవులో టికెట్లు చూసేవాడి లాంటిది. తన ముఖం ఎటుంటే ఆ సుడి వాళ్ళను వదిలేస్తాడు, రెండో రకాన్ని పట్టుకుని సతాయిస్తాడు. ఇద్దరి ముఖాలూ ఒకే వైపు ఉంటే సగం జనం హాయిగా దాటిపోతారు, కరెంటు సులువుగా పారుతుంది. ఎదురెదురుగా ఉంటే మొదటివాడు వదిలినవాణ్ణి రెండోవాడు పట్టుకుంటాడు. ఎవడికీ తిన్నగా దారి దొరకదు, నిరోధం పెరుగుతుంది.

రెండింటిలో ఒకటి కట్టు పొర. దాని పక్కనున్న ఇంకో పొర దాన్ని ఒకే దిక్కుకు బిగించి ఉంచుతుంది. రెండోది తిరుగుడు పొర, ఎదుట ఏ అయస్కాంతం వస్తే దాని మాట వింటుంది. తలుపు దిగినప్పుడు కన్ను ఎదుటికి ఒక అయస్కాంతం వస్తుంది, ఎత్తినప్పుడు దానికి వ్యతిరేకమైనది వస్తుంది. దిగితే రెండు పొరలదీ ఒకే దిక్కు, నిరోధం తక్కువ, పచ్చ దీపం, మూసి ఉంది. ఎత్తితే నిరోధం ఎక్కువ, ఎర్ర దీపం, తెరిచి ఉంది.

ఇంతే విద్య. దీనికి నాలుగేళ్ళు చదివాను. దీని మీద ఆరు వేల మంది పడుకుని నిద్రపోతున్నారు.


పౌర్ణమి, ఉదయపు పోటు

చేతులు బొబ్బలెక్కాయి గనక అక్షరాలు బాగోవు.

పొద్దున ఎనిమిదింటికి ఎగువ ఆఫీసు యంత్రం తనంతట తాను పన్నెండో తలుపును సరిచేసుకుంది. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. సముద్రం నిండు పోటు మీదుంది. ఎనిమిదిన్నరకు వీరవేణి గారు గెడ ఆనించి విన్నది. ఆవిడ ముఖం మారిపోయింది.

"నీళ్ళు లోపలికి పడతన్నాయి."

"పచ్చ దీపం ఉంది పిన్నిగారూ."

"దీపాన్ని నాకుతావా? నీళ్ళంటున్నాను!"

ఫోన్ చేశాను. ఎగువ నుంచి ఎవరో ఆవలిస్తూ, "బోర్డు మీద పచ్చే ఉంది, ఇక మీరు పడుకోండి," అన్నారు. పెట్టి మళ్ళీ చేసేలోపు నల్లలంక దిగువ పేట నుంచి కేకలు వినిపించాయి. వీరవేణి గారు గోడకున్న చేతి చక్రం పీకి కమ్మీకి తగిలించి తిప్పడం మొదలెట్టింది. నేనూ పట్టాను. తొంభై ఆరు చుట్లు. అయ్యేసరికి ఆవిడ అరచేతుల తోలు ఊడింది. గెడ ఆనించి విని నేల మీద కూలబడింది.

"మూసుకుంది."

ఆ క్షణాన దీపం ఎర్రగా మారింది.

అరవై ఎకరాల వరి పాలు పోసుకునే దశలో ఉంది. ఉప్పునీళ్ళు మోకాలి లోతున నిలబడ్డాయి. ముప్పై ఒక్క ఇళ్ళలోకి వెళ్ళాయి. ఇళ్ళ దూలాలకు కట్టిన పడవలు దింపుకుని జనం కట్టెక్కారు. ఆ వరిలో అరెకరం వీరవేణి గారిది.


బహుళ విదియ, సాయంత్రపు ఆటు

ఎగువ ఆఫీసు పెద్ద ఇంజనీరు, ఈఈ సుదర్శనం గారు రికార్డు పంపారు. మూడు పంక్తులు. కాపీ చేస్తున్నాను, నా చేత్తోనే, ఆ చేతిని తర్వాత కడుక్కుంటాను.

"8.00: తలుపు మూయబడినది, పచ్చ. 8.41: లస్కరు చేతి చక్రము వాడెను. 96 చుట్లు. 8.58: తలుపు తెరువబడినది, ఎర్ర."

అర్థమైందా? మూసి ఉన్న తలుపును నిండు పోటులో వీరవేణి తెరిచింది. ఆవిడ కాపాడిన పదిహేడు నిమిషాలే రికార్డులో ఆవిడ నేరం. చేతి చక్రానికున్న మీటరు ఎన్ని చుట్లో లెక్కపెడుతుంది, ఎటు తిప్పారో చెప్పదు.

ఫోన్ చేశాను. సుదర్శనం గారే ఎత్తారు.

"సార్, నవమి నుంచి ఆరు రోజులు ఆ కన్ను ఎర్రగా ఉంది. అంటే ఆరు రోజులు తలుపు తెరిచి ఉన్నట్టు. మరి చుక్క నీరు రాలేదే?"

"అప్పుడు కన్నులో లోపం ఉందయ్యా. నువ్వే ఫిర్యాదు చేశావు కదా."

"మరి ఇప్పుడు?"

"యంత్రం సరిచేసింది. తర్వాత లోపం లేదు."

ఆరు రోజులు అబద్ధమాడిన కన్ను ఏడో రోజు పొద్దున ఎనిమిది గంటలకు సత్యసంధురాలైపోయింది. ఎంత శుభ ముహూర్తం!

"సార్, జనం చూశారు. నీళ్ళు ఎప్పుడొచ్చాయో ఎప్పుడాగాయో..."

"కట్ట చట్టం పదో నిబంధన తెలుసుగా? యంత్రం లెక్క ఉన్నచోట మనిషి మాట అక్కర్లేదు. సప్తమి నాడు విచారణ. ఆవిణ్ణి రమ్మను."

కట్ట నుంచి తీసేస్తే లస్కరుకు కట్ట మీద క్వార్టరు పోతుంది. కింద దిగువ పేటలో ఆవిడ సొంత ఇంట్లో మోకాలి లోతున నీళ్ళున్నాయి. ఎక్కడికి పోవాలో నిబంధనల్లో రాయలేదు. వెతికాను.


బహుళ పంచమి, సాయంత్రపు ఆటు

ఈ రోజు శాస్త్రం బజ్జీల కొట్లో జరిగింది.

కట్ట మీద నలభై కళ్ళనూ పోయిన వేసవిలో మార్చారు. పాత కళ్ళు సామాన్ల గదిలో మూలన పడున్నాయి. ఒక పాతది, బిగించకుండా మిగిలిన ఒక కొత్తది తీసుకుని రెండింటికీ ఎదుట అయస్కాంతం కట్టి, తీగలు తగిలించి, బుల్లెమ్మ బజ్జీల మూకుడులోకి దించాను. బుల్లెమ్మ నన్ను అట్లకాడతో కొట్టబోయింది.

"ఎదవ పనులు సేత్తే నూనె పాడైపోద్ది!"

"నూనె నేనే కొంటాను బుల్లెమ్మా. దేశం కోసం."

పాత కన్ను మిరపకాయ బజ్జీల మధ్య గంట సేపు వేగింది. తీసి చల్లార్చి చూస్తే ఇసుమంత మార్పు లేదు. కొత్తది నూనె పొగలు కక్కక ముందే తిరగబడిపోయింది. వేడికి పక్క పొర పట్టు సడలింది, కట్టు పొర కట్టు తెంచుకుంది. చల్లారుతూ ఎదుట ఏ అయస్కాంతముంటే దాని దిక్కే తన దిక్కని మళ్ళీ బిగుసుకుంది. అప్పటి నుంచి దానికి మూసినది తెరిచినట్టు, తెరిచినది మూసినట్టు. ఆకుకు సున్నం రాసినంత నింపాదిగా అబద్ధమాడుతుంది.

నవమి నాడు తలుపులు ఎత్తి ఉన్నాయి. కన్ను ఎదుట 'ఎత్తిన' అయస్కాంతం ఉంది. దాని కింద హారతి పళ్ళెం ఉంది. పౌర్ణమి నాడు ఎగువ యంత్రం పచ్చ దీపం కోసం తలుపును దించి చూసి, రాకపోతే ఎత్తి చూసి, ఎత్తినప్పుడు పచ్చ కనబడగానే తృప్తిగా ఆగిపోయింది.

తరతరాలుగా ఈ కట్ట మీద హారతులిస్తున్నారు. పాత పొరలు ఓర్చుకున్నాయి. కొత్తవి ఎందుకు ఓర్చుకోలేదో సామాన్ల గది ఫైలు తెరిచి చూశాను. కొత్త కళ్ళను అంగీకరిస్తూ ఒక ఫారం ఉంది. 'ఉష్ణ పరీక్ష' అన్నచోట 'అవసరం లేదు' అని టిక్కు. కింద సంతకం. పి. చక్రధర్.

గుర్తొచ్చింది. సుదర్శనం గారు నవ్వుతూ, "కన్నును ఎవరైనా వేపుకు తింటారా అయ్యా? పెట్టు సంతకం," అన్నారు. నేనూ నవ్వుతూ పెట్టాను. నాకు నవ్వు తొందరగా వస్తుంది.

పళ్ళెం పట్టిన చెయ్యి, సంతకం పెట్టిన చెయ్యి ఒకటే. ఆఫీసుకు బజ్జీల పరీక్ష ఫలితం పంపాను. సంతకం సంగతీ, పళ్ళెం సంగతీ పంపలేదు.


బహుళ సప్తమి, మధ్యాహ్నం

విచారణ ఎగువ ఆఫీసులో. గుట్ట మీద, ఏసీలో. సముద్రం అక్కడికి రావాలంటే ఇంకో రెండు తరాలు పట్టాలి. అందుకే వాళ్ళకంత ప్రశాంతత.

సుదర్శనం గారు నా కాగితం తిప్పి చూశారు. "బజ్జీల మూకుడు అని రాశావు. శాఖ గుర్తింపు పొందిన మూకుడేనా?"

గదిలో ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. నేను వేసే రకం జోకు అవతలివాడు వేస్తే ఎలా ఉంటుందో తెలిసింది.

"సరే, వేడి తగిలితే చెడుతుందనుకుందాం. కట్ట మీద కన్నుకు అంత వేడి ఎలా తగిలింది?"

నేను నోరు తెరిచాను. ఆ నోట్లోంచి గాలి వచ్చింది.

వీరవేణి గారు బల్లకు ఆ వైపు నిలబడి ఉంది, అరచేతులకు గుడ్డ పేలికలతో. నావైపు చూడలేదు.

"హారతిచ్చామండి. ఆయుధ పూజకి. ప్రతి ఏడూ ఇత్తామండి."

"ఎవరిచ్చారు?"

"నా తలుపండి. నేనే ఇచ్చానండి."

సుదర్శనం గారు కలం మూత తీశారు. నేను అప్పుడైనా లేచి నిలబడి ఉండాలి. కుర్చీకి ఏ పక్క పొరా నన్ను బిగించలేదు. ఊరికే కూర్చున్నాను.


బహుళ దశమి, ఉదయపు పోటు

ఉత్తర్వు వచ్చింది. వీరవేణి గారి మీద రెండు నేరాలు. ఒకటి, హారతితో శాఖ పరికరాన్ని పాడుచేయుట. రెండు, పౌర్ణమి పోటులో తలుపు తెరుచుట. అమావాస్య మర్నాటికి క్వార్టరు ఖాళీ చేయవలెను.

చదివినవాళ్ళు నిదానంగా ఆలోచించండి. హారతికి కన్ను పాడైతే దాని సాక్ష్యం చెల్లదు, ఆవిడ తలుపు తెరిచినట్టు రుజువు లేదు. కన్ను మంచిదైతే హారతికేమీ పాడుకాలేదు. రెండు నేరాల్లో ఏదో ఒకటే నిలుస్తుంది. శాఖ రెండూ నిలబెట్టింది! నాలుగేళ్ళు ఎలక్ట్రాన్ల పిచ్చి చేష్టలు చదివాను, ఇంత తెగింపు వాటికి కూడా లేదు.

వీరవేణి గారి దగ్గరికి వెళ్ళాను. క్వార్టరు గుమ్మంలో గిన్నెలు మూటకడుతోంది.

"పిన్నిగారూ, పళ్ళెం పట్టింది నేనని ఎందుకు చెప్పలేదు?"

"నీకు నోరు లేదా?" అంది. గిన్నె మీద గిన్నె బోర్లించింది. "నిన్ను కూడా పీకేత్తే ఆ కళ్ళ సంగతి తెలిసినోడు ఈ కట్ట మీద ఒక్కడన్నా ఉంటాడా? ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయిరా. అమాస పోటు వత్తంది. దీపావళికి ప్రతి లస్కరూ పెట్టె మీద దీపం పెడతాడు. తెలుసా నీకు?"

ఆవిడ నన్ను మొదటిసారి 'రా' అంది. అంతకు ముందు చక్రిబాబూ అనేది. నాకు ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు.

"దీపాలు వద్దని చెప్తాను."

"సెప్పు. అప్పుడు ఆళ్ళేమంటారు? సూశారా, దీపాలే తప్పని ఒప్పుకున్నారు అంటారు. కళ్ళు మంచియ్యే, మీ బుద్ధులే మంచియి కావంటారు."

నిజమే. దీపం మానితే వాళ్ళు గెలుస్తారు. దీపం పెడితే సముద్రం గెలుస్తుంది.

"అయితే అందరం కలిసి పెడదాం," అన్నాను. "నలభై కళ్ళకూ. మనం చూస్తుండగా, పద్ధతిగా."

గిన్నెల చప్పుడు ఆగింది.

"మూసేది చేత్తో. ఎగువ నుంచి ముట్టుకోకుండా మోటార్ల ఫ్యూజులు పీకేసి."

చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఆ నోటితో ముందు నలభై మందికీ నీ పళ్ళెం సంగతి సెప్పు. అప్పుడు సూద్దాం."


చతుర్దశి, మధ్యాహ్నపు ఆటు

చెప్పాను. పన్నెండో తలుపు గట్టు మీద, ముప్పై ఎనిమిది మంది లస్కర్ల ఎదుట. ఇద్దరు జ్వరంతో రాలేదు. సంతకం సంగతీ చెప్పాను. దిగువ పేట సూరన్న, ముప్పై ఒక్క ఇళ్ళలో ఒకటి ఆయనది, నా చొక్కా పట్టుకున్నాడు.

"మా ఇంట్లో ముసల్దాన్ని మంచంతో సహా మోసుకొచ్చానురా నేను. నువ్వు నవ్వుకోడానికా?"

నేను చేతులెత్తలేదు. ఆయన కొడతాడనుకున్నాను. కొట్టకుండా వదిలేశాడు. అది ఇంకా అధ్వానం.

తర్వాత పని మొదలైంది. ఆటు వచ్చింది. నలభై తలుపులూ ఎత్తారు. ఇరవయ్యో తలుపు మార్తమ్మ గారు కర్పూరం ముట్టుకోనంది. "మాకు హారతి లేదు బాబూ. కొవ్వొత్తైతే నాలుగు పెడతాను, సరిపోద్దా?" సరిపోతుందన్నాను. ఆవిడ కన్నుకు ఏనాడూ వేడి తగలలేదు గనక కట్ట మీద అన్నిటికంటే నిజాయితీ గల కన్ను అది. దాన్ని కూడా చెడగొట్టాం. నాలుగు కొవ్వొత్తులు, ముప్పావు గంట.

ఈసారి మంత్రం లేదు. ఎవరూ నవ్వలేదు. నేను ఒక్కో తలుపు దగ్గరా నిలబడి మీటరు చూస్తూ, తిరగబడగానే చెయ్యెత్తాను. మార్తమ్మ గారిదే చివరిది. పన్నెండోది అప్పటికే తిరగబడి ఉంది గనక దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత ఫ్యూజులు పీకాం. తలుపుకు తొంభై ఆరు చుట్లు చొప్పున చేత్తో దించాం. వీరవేణి గారికి చేతులు బాగోలేవని ఆవిడ తలుపు నేను తిప్పాను. ఒక్కో తలుపుకూ ఆవిడే గెడ ఆనించి విని, "ఊఁ," అంది. ఊఁ అనిపించుకునేదాకా చక్రం వదల్లేదు.

సాయంత్రం అయిదింటికి, ఆఫీసులో అందరూ ఇళ్ళకు పోయాక, ఎగువ బోర్డు మీద నలభై ఎర్ర దీపాలు వెలిగాయి.


అమావాస్య, ఉదయపు పోటు

ఏడాదిలో ఇది పెద్ద పోటు. తొమ్మిదింటికి అవతల నీళ్ళు కట్ట పైరాతికి మూరెడు దిగువ దాకా వచ్చాయి. ఇవతల పొలాల్లో కొంగలు పొడి గట్ల మీద నడుస్తున్నాయి.

ఎనిమిదింటికి మొదలైన ఫోను ఆగలేదు. మొదట గుమాస్తా, తర్వాత ఏఈ, తర్వాత సుదర్శనం గారు.

"నలభై తలుపులు తెరిచి కూర్చున్నారా! ఆరు వేల మందిని ముంచుతారా? మోటార్లు ఎందుకు పనిచేయట్లేదు?"

"మోటార్లకు ఆయుధ పూజ చేశాం సార్. విశ్రాంతి తీసుకుంటున్నాయి."

"చక్రధర్!"

"ఇక్కడ చుక్క నీళ్ళు లేవు సార్. వచ్చి చూడండి."

"బోర్డు మీద ఎర్ర..."

"అవును సార్. పదో నిబంధన ప్రకారం మేమంతా గంట క్రితమే మునిగిపోయాం. చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడుతున్నారు మీరు."

పదిన్నరకు మరపడవలో వచ్చారు. ఉద్యోగంలో చేరాక కట్ట మీదకు ఆయన రావడం ఇదే మొదటిసారట. బూట్లు మెరుస్తున్నాయి. గట్టెక్కి అవతల సముద్రాన్ని చూశారు, ఇవతల పొడి పొలాన్ని చూశారు, వరసగా నలభై ఎర్ర దీపాలను చూశారు. లస్కర్లంతా తమ తమ తలుపుల దగ్గర నిలబడి ఉన్నారు. 

"ఇది విధ్వంసం," అన్నారు చివరికి. "పరికరాలన్నీ చెడగొట్టారు."

"అయితే చెడాయని ఒప్పుకున్నట్టేగా సార్? చెడిన కన్ను పచ్చ అంటే తెరిచి ఉన్నట్టు, ఎర్ర అంటే మూసినట్టు. మరి పౌర్ణమి నాడు పన్నెండో తలుపు ఎనిమిదింటికి పచ్చ, ఎనిమిదీ యాభై ఎనిమిదికి ఎర్ర. ఎవరు తెరిచారు, ఎవరు మూశారు?"

ఆయన పన్నెండో దీపం వైపు తిరిగారు.

వీరవేణి గారు ముందుకొచ్చింది. "రెండే దార్లండి. ఆ దీపాలు నిజవైతే సముద్రం మాకు భయపడి లోపలికి రాలేదని రాయండి. అబద్ధవైతే నా పేరు మీద రాసింది కొట్టేయండి. ఏదో ఒకటి రాయకుండా పడవెక్కితే, ఫ్యూజులు మా దగ్గరున్నాయండి. రాత్రి పోటుకు మీ బోర్డు మీద ఏది మూసుందో ఏది తెరిసుందో మీరే సెప్పుకోండి."

సుదర్శనం గారు పోటు తీసేదాకా నిలబడి, ఈ పుస్తకం అడిగి తీసుకున్నారు. ఆయన చేత్తోనే, ఆ బొటనవేలంత గడిలో రాశారు. "పౌర్ణమి 8.00కు యంత్రము తలుపు తెరిచెను. 8.58కి లస్కరు మూసెను. కన్ను తప్పు." లెక్కపెట్టాను. ఇరవై దాటలేదు.

"కారణం ఏమని రాయాలి?" అని నన్నడిగారు. గొంతు తగ్గింది. "హారతి అని రాస్తే..."

"నేను రాస్తాను సార్."

కారణం: వేడికి తట్టుకోని పొరలు కొన్నారు. ఉష్ణ పరీక్ష అవసరం లేదని ఈఈ గారు చెప్పారు, నేను సంతకం పెట్టాను. నవమి నాడు పద్దెనిమిది సూచనలు చదువుతూ హారతి పళ్ళెం పట్టింది నేను. నవ్వుల కోసం. పి. చక్రధర్.

ఆయన తన ప్రస్తావన ఉన్న వాక్యం కొట్టేయమన్నారు. జిగురు గట్టిదని చెప్పాను.


కార్తీక శుద్ధ పాడ్యమి, మధ్యాహ్నపు ఆటు

వీరవేణి గారి ఉత్తర్వు రద్దయింది. నాది వచ్చింది. సస్పెన్షను, విచారణ జరిగే వరకు. పాత కళ్ళు నలభై సామాన్ల గదిలోంచి తెచ్చి తిరిగి బిగించడానికి మూడు రోజులు గడువిచ్చారు, ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు గనక. సస్పెండయినవాడి చేత పని చేయించడం ఏ నిబంధనో వెతకలేదు. ఓపిక లేదు.

పన్నెండో తలుపుకు పాత కన్ను బిగిస్తుంటే వీరవేణి గారు వచ్చి గట్టు మీద కూర్చుంది.

"పుస్తకంలో ఏం రాశావు? సదువు."

మొదటి నుంచి చదివాను. పూజ దగ్గర ఒకసారి కళ్ళు మూసుకుంది. విచారణ దగ్గర అరచేతుల గుడ్డ పేలికలు సర్దుకుంది. పొద్దున రాసిన ఆఖరి వాక్యం దాకా వచ్చాను. "వీరవేణి గారు నన్ను క్షమించారు."

"ఎవరు సెప్పారు?"

"అంటే... మీరు ఉత్తర్వు రద్దయ్యాక నాకు టీ ఇచ్చారు కదా పిన్నిగారూ. అందుకని..."

"టీ అందరికీ ఇచ్చాను. సూరన్న ఇంట్లో ఇంకా బురదుంది. నా అరెకరంలో ఉప్పు తెల్లగా పేరుకుంది, మూడేళ్ళు గింజ పండదు. నువ్వు నిజం సెప్పావు, సరే. పదిహేను రోజులు ఆలస్యంగా సెప్పావు. అది కొట్టెయ్."

"ఇంకేం రాయమంటారు?"

"ఏం రాయొద్దు. కొట్టేసి కన్ను బిగించు. ఆటు పోతంది."

కొట్టేశాను.